మేడ మీద మా ఆవిడ ఏం చెప్పింది

మా ఇంటి మేడ మీద ఉన్నది ఒకే ఒక్క గది. దాని పక్కన నీళ్ళ ట్యాంకు, ట్యాంకు నీడలో నేను పారెయ్యలేక దాచుకున్న పాత కుక్కర్ల గుట్ట. ఇంత సుందరమైన పరిసరాల్లోకి రెండేళ్ళ కిందట ఒక అమ్మాయి అద్దెకు దిగింది. గుంటూరు వైపు పిల్ల. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు. ఆదివారం చర్చి, మిగతా వారమంతా యూనివర్సిటీ. పీహెచ్‌డీ చేస్తోంది.

"ఏం సదువు బిడ్డా అది?" అని మా అమ్మ అడిగింది.

"సమాజ శాస్త్రం మామ్మగారూ."

"గదంటే? పెండ్లిళ్ళు గిట్ల చేపిస్తరా?"

"కాదండీ. మనుషులు ఎలా బతుకుతున్నారో అడిగి తెలుసుకుంటాం."

మా అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అది మేం సదువుకోకుండనే చేస్తున్నం గద," అంది.

అందులో అబద్ధం లేదు. మారేడ్‌పల్లిలో మా గల్లీలో ఎవరెట్లా బతుకుతున్నారో విచారించడం ఉచిత ప్రజాసేవ. దానికి ప్రధాన కార్యాలయం మా ఇంటి గేటు పక్కనే ఉన్న నా షాపు. నేను కుక్కర్లు, మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాను. కుక్కర్ అడుగు చూసి ఎవరింట్లో పప్పు మాడిందో, అది మాడుతున్నప్పుడు ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో చెప్పేస్తాను. అడక్కపోయినా చెప్పేస్తాను. నా చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. లెక్కల సారూ నేనూ గొడవ లేకుండా, ఇద్దరి ఇష్టంతోనే విడిపోయాం. నేను బడి మానేశాను, ఆయన గుడిలో కొబ్బరికాయ కొట్టాడు.

ఒకరోజు ఆ అమ్మాయి షాపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నా పరిశోధనకి మీ గల్లీ తీసుకుందామనుకుంటున్నానండి."

"తీసుకపో చెల్లె. మాకైతే పనికొస్తలేదు."

ఆమె నవ్వలేదు. నా జోకుకు నవ్వని మనిషిని నేను అంత తేలిగ్గా వదలను. కానీ ఆమె పని గురించి మొదలుపెట్టింది. ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, అదీ ఆమె విషయం. ఫ్రిజ్ కొనడం, పిల్లల బడి, చుట్టాలింటికి ఎప్పుడు పోవాలి, ఈ పూట ఏం వండాలి. ఇవే ప్రశ్నలు భర్తను విడిగా, భార్యను విడిగా అడుగుతుందట. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనూ విడిగా.

"అందర్ని ఒక్కతాన కూసోబెడితే నీకు టైం కలిసొస్తది గద?"

"కలిపి కూర్చోబెడితే ఒక్కరే మాట్లాడతారన్నయ్యా."

"ఎవరు?"

"అదే కదా నా పరిశోధన."

గల్లీలోకి తీసుకెళ్ళి అందరికీ పరిచయం చేసే మనిషిని వాళ్ళ పుస్తకాల్లో ద్వారపాలకుడు అంటారట. ఆ ఉద్యోగం నాకిచ్చింది. జీతం ఉంటుందా అని అడిగాను. ఉండదంది. ఏ గుడి ముందైనా ద్వారపాలకుల పరిస్థితి అంతే కాబట్టి ఒప్పుకున్నాను.

తర్వాత షరతులు చెప్పింది. ఇష్టముంటేనే మాట్లాడాలి, మధ్యలో లేచిపోవచ్చు, నచ్చని ప్రశ్నకు జవాబివ్వనక్కర్లేదు, చెప్పిన మాటను తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. రాసేటప్పుడు పేర్లు మార్చేస్తుంది. ఎవరు చెప్పింది ఇంకెవరికీ చెప్పదు.

"నా పెండ్లానికి సుత చెప్పవా?"

"వదినకి అసలే చెప్పనండి."

ఈ నియమం నాకు తెగ నచ్చింది. అది అటువైపు నుంచి కూడా పనిచేస్తుందని ఆ క్షణాన తట్టలేదు.

మొదటి తగాదా పేర్ల దగ్గర వచ్చింది. మా ఎదురింట్లో రైల్వేలో గార్డుగా రిటైరైన పెద్దమనిషి ఉంటాడు. గల్లీ అంతా గార్డు సాబ్ అంటాం. పేరు మారుస్తారని వినగానే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"జిందగీ అంత ఒక్క పేరు మీద బతికిన. ఇప్పుడు మార్చుకోనీకె నేనేమన్న దొంగనా?"

"మీ రక్షణ కోసమే సర్."

"ఎవలి నుంచి రక్షణ?"

లోపలి గదిలోంచి ఆయన భార్య దగ్గింది.

గల్లీ మొదట్లో చికెన్ షాపు నడిపే అన్నకు పేరు మార్చడం సమస్య కాదు. "నాకు జెర పవర్‌ఫుల్ పేరు పెట్టు చెల్లె. ఇంటే మాస్ ఉండాలె," అన్నాడు. దాంతో మిగతా మగవాళ్ళు కూడా తమ తమ పేర్లు ఎన్నుకోవడం మొదలుపెట్టారు. ఆమె తట్టుకోలేక పేర్లే వద్దు, నంబర్లు ఇస్తానంది. అప్పుడు ఒకటో నంబరు ఎవరిదని కొట్లాట షురూ అయింది. వయసులో పెద్దోణ్ణి కాబట్టి తనదేనని గార్డు సాబ్, ముందుగాల ఒప్పుకున్నది తానే కాబట్టి తనదని చికెన్ అన్న. చివరికి ఆమె అందరికీ నంబర్లు ఇచ్చేశానని, ఎవరి నంబరు ఎంతో అది కూడా రహస్యమేనని ప్రకటించింది. గొడవ వెంటనే చల్లారింది. ఈ రోజుకీ మా గల్లీలో ప్రతి మగవాడూ ఒకటో నంబరు తనదేననుకుంటూ ప్రశాంతంగా నిద్రపోతున్నాడు.

మా అమ్మ మాత్రం లొంగలేదు. "నా పేరెయ్యి, మా ఆయన పేరెయ్యి, ఇంటి నంబరెయ్యి. ఫోటో సుత ఇస్త. నేను చెప్పిన మాట మీద నేనే నిలబడత," అని పట్టుచీర కట్టుకుని అందరికన్నా ముందు తానే మేడ ఎక్కింది. చాలాసేపటికి దిగింది. దిగాక ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. "ఏమడిగిందే?" అంటే, "ఏదో అడిగింది. చాయ్ పెట్టుమను," అంది. ఫోటో మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ, బల్ల మీద రికార్డు చేసే ఫోను, ఎదురుగా ఆ నవ్వని ముఖం.

"ఫ్రిజ్ కొనాలని ఎవరు నిర్ణయించారన్నయ్యా?"

"నేనే."

"ఏది కొనాలని?"

"నేనే."

"మీ పాప బడి?"

"నేనే."

"ఇవాళ కూర?"

"నేనే. అంటే, ఆమె వండినంక చూసి సరే అన్న."

రాసుకుంది. తర్వాత షాపు దగ్గర విచారిస్తే మగవాళ్ళందరూ అదే జవాబు చెప్పారని తేలింది. చికెన్ అన్నయితే ప్రశ్న పూర్తి కాకముందే "నేనే" అన్నాడట. ఆమె నోరు తెరవకపోయినా మేమే ఒకరికొకరం గర్వంగా చెప్పేసుకున్నాం. రహస్యం కాపాడాలని మమ్మల్ని ఎవరూ అడగలేదు కదా.

ఇక ఆడవాళ్ళు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ సర్వపిండి ఉన్న ప్లేటు పట్టుకుని మేడ ఎక్కింది. మా అమ్మ సరిగ్గా మెట్ల కింద పీట వేసుకుని గోంగూర ఆకు తెంపడానికి కూర్చుంది. మామూలుగా ఆ పని వంటింట్లో చేస్తుంది. ఆ రోజు మెట్ల కింద గాలి బాగుందట.

కాసేపు పైన ఏమీ వినపడలేదు. తర్వాత మా ఆవిడ గొంతు: "మా అత్తమ్మ..."

అంతే. ఆ తర్వాత నవ్వు. ఒక్కరి నవ్వు కాదు, ఇద్దరి నవ్వు. నా జోకులన్నిటినీ రాతిముఖంతో విన్న ఆ పిల్ల పడీపడీ నవ్వుతోంది. కుర్చీ కిర్రుమంది. కాస్త ఆగి మళ్ళీ నవ్వారు.

మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. తర్వాత కదిలింది కానీ, మనసు పెట్టి కదల్లేదు. ఆ రాత్రి పప్పులో గోంగూర కాడలే ఎక్కువున్నాయి.

మా ఆవిడ దిగి రాగానే పక్కకు పిలిచాను. "ఏం చెప్పినవే?"

"గోప్యత," అంది. ఆ మాట మెట్ల మీదే కొత్తగా నేర్చుకున్నట్టుంది, నోట్లో లడ్డూలాగా తిప్పింది.

నేను పరుగున పైకెళ్ళి అమ్మాయిని అడిగాను. "చెల్లె, నా పెండ్లాం నాకు చెప్పొద్దని నీ రూల్ ఉన్నదా?"

"లేదన్నయ్యా. వదిన మాట వదిన ఎవరికైనా చెప్పుకోవచ్చు. చెప్పకూడనిది నేను."

కిందికొచ్చి శుభవార్త చెప్పాను. "అట్లనా? నాకు తెల్వనే తెల్వది. మంచిగ చెప్పినవ్," అని మా ఆవిడ చీపురందుకుంది.

మీరనొచ్చు, మా అమ్మ కోడలినే సూటిగా అడగొచ్చు కదా అని. అడగదు. మా ఇళ్ళల్లో అత్త నోటితో "నా గురించి ఏం చెప్పినవ్?" అని కోడలిని అడిగిందంటే అప్పటికే ఓడిపోయిందన్నమాట. అత్తకు అన్నీ తెలిసే ఉండాలి. తెలియకపోతే తెలిసినట్టుండాలి. కాబట్టి మా అమ్మ తిండి సరిగ్గా తినకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా తిరిగింది. రాత్రిపూట సీరియల్ చూస్తూ ఉన్నట్టుండి "ఏముంటది నవ్వనీకె?" అని టీవీని అడిగేది.

నవ్వు గురించి విన్న మగవాళ్ళు వేరే రకంగా చెడిపోయారు. పై అమ్మాయి అంతా గమనిస్తోందని గార్డు సాబ్‌కు గట్టి నమ్మకం ఏర్పడింది. సాయంత్రం ఆమె గల్లీలోకి అడుగుపెట్టడం చూసి ఆయన ఇంటి ముందు నిలబడి కేకేసేవాడు: "ఏమే! నేనిప్పుడు చాయ్ తాగాల్నా వద్దా? నువ్వే డిసైడ్ చెయ్యి!"

ఆయన భార్య హడలిపోయి బయటికొచ్చింది. "ఏమైంది? పానం మంచిగ లేదా?"

"నీ నిర్ణయం అడుగుతున్ననే!"

"దవాఖానకు పోదామా?"

చికెన్ అన్న ఇంకో మెట్టు పైకెళ్ళాడు. లెగ్ పీస్ అడిగినవాళ్ళకు "మా మేడంను అడిగి చెప్పాలె" అనడం మొదలుపెట్టాడు. మేడం, అంటే వాళ్ళావిడ, ఫోనెత్తకపోతే బేరం నిలబెట్టేవాడు. జనం పక్క గల్లీలో చికెన్ కొనుక్కున్నారు.

"చూస్తున్నారని తెలిస్తే మనుషులు మారిపోతారన్నయ్యా. మాకదో పెద్ద తలనొప్పి," అని అమ్మాయి తల పట్టుకుంది.

"నువ్వు చూసుడు బంద్ చేస్తే వాపస్ ఎప్పటిలెక్క అయితరా?"

"అయ్యారో లేదో తెలియాలంటే మళ్ళీ చూడాలి కదా."

ఆ చదువు ఎంత కష్టమైనదో నాకు అప్పుడు అర్థమైంది. లెక్కల సారే నయం.

చివరికి నేనూ, గార్డు సాబూ, చికెన్ అన్నా నా షాపులో కూర్చుని తీర్మానం చేశాం. ఆమె చేస్తే పరిశోధన, మనం చేస్తే తప్పా? మనమే చేద్దాం. ప్రశ్న నేను తయారుచేశాను: "నువ్వు పైన నా గురించి చెడ్డగ ఏం చెప్పలే కద?" గార్డు సాబ్ భార్య అసలు మేడ ఎక్కనే లేదు. "మా ఇంట్ల చెప్పనీకె ఏముంటది?" అని ఆ అమ్మాయిని గుమ్మంలోంచే పంపేసింది. అయినా ముందుజాగ్రత్తగా ఆమెను కూడా అడిగించాం. ముగ్గురు భార్యలూ ఒకే జవాబు చెప్పారు: "లేదు." గార్డు సాబ్ కళ్ళు చెమర్చాయి. మా ఫలితాలను నేను గర్వంగా మేడ మీదికి మోసుకెళ్ళాను.

"ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగారన్నయ్యా," అంది.

"మంచిదే గద. ఆలోచించే తక్లీఫ్ లేకుండ."

"అడిగింది ఎవరు?"

"ఎవరి పెండ్లాన్ని వాడే అడిగిండు. పక్కింటోణ్ణి పంపుతమా?"

అప్పుడు నవ్వింది. నా ముందు మొదటిసారి, మనస్ఫూర్తిగా, బల్ల మీద తల ఆనించి నవ్వింది. నేను జోకేం వెయ్యలేదు.

ఇలా ఉండగా మా అమ్మ ఓపిక అయిపోయింది. ఒకరోజు అమ్మాయి బ్యాగు తగిలించుకుని దిగుతుంటే మెట్ల మీదే ఆపింది.

"బిడ్డా, నా కోడలు ఏం చెప్పింది?"

"చెప్పకూడదు మామ్మగారూ."

"ఈ ఇల్లు ఎవరిది?"

"మీదేనండి."

"కోడలు ఎవరిది?"

"మీదే."

"నువ్వు నిలబడ్డ మెట్టు?"

"మీదేనండి."

"మరి మాట ఎవరిది?"

"వదినదండి."

ఆ ఇంట్లో ఫలానాది ఇంకొకరిదని మా అమ్మకు ఎవరూ చెప్పి ఎరగరు. గేటు దగ్గర నిలబడ్డ నేను ఓ అడుగు బయటికేశాను. మా అమ్మ లెక్క ప్రకారం ఇంటికి పెద్ద తాను. మేడ ఎక్కమని కోడలికి సెలవిచ్చింది తాను. ఇంటి పెద్ద ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే, ఇంట్లోవాళ్ళు మాట్లాడిందంతా ఇంటి పెద్దకు చెందినట్టే. కుండ మనదైతే అందులో పెరుగు ఎవరిదని అడుగుతారా?

"బోనాలలోపల చెప్పు. లేకుంటే రూం ఖాళీ చెయ్యి," అని తేల్చేసింది.

గది పోతే ఒక్క గదే పోదు. మా అమ్మ వెళ్ళగొట్టిన మనిషికి మా గల్లీలో ఇంకే తలుపూ తెరుచుకోదు. ఇంకా మాట్లాడాల్సిన ఆడవాళ్ళు సగం మంది మిగిలే ఉన్నారు. ఈ ఏడాదిలోగా పూర్తి చెయ్యకపోతే ఇంకో చోట మొదటినుంచి మొదలుపెట్టాలని వాళ్ళ గైడ్ మేడం ముందే చెప్పిందట. నా షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఆ పిల్ల ఇదంతా మెల్లగా చెప్పింది. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

నాకూ జాలేసింది. కానీ జాలి ఒక పక్క, ఆ నవ్వు ఒక పక్క.

"చెల్లె, మొత్తం చెప్పకు. మంచిగ చెప్పిందా చెడ్డగ చెప్పిందా, అంతే. నోరు తెరవకు. తలూపు."

"తలూపినా చెప్పినట్టే అన్నయ్యా."

"పోనీ అబద్ధం చెప్పు. 'మా అత్తమ్మ దేవత' అన్నదని చెప్పు. మా అమ్మ ఖుష్, నీ రూం ఉంటది, నా ఇంట్ల పప్పు మంచిగయితది."

ఒక్క క్షణం ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నేను చూశాను. తర్వాత తల అడ్డంగా తిప్పింది. "వదిన అనని మాట వదిన నోట్లో పెట్టడం అవుతుంది. అది ఇంకా తప్పు."

"మరెట్ల?"

"వేరే గది చూసుకుంటాను."

సైనిక్‌పురి దాకా తిరిగింది. సాయంత్రం వాడిపోయి వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ ప్రశ్నలు ఆమె ప్రశ్నలకన్నా పొడుగట. ఏ కులం, ఏం తింటావు, మీ నాన్న జీతమెంత, ఇంటికి ఎప్పుడొస్తావు, నీ వయసుకు పెళ్ళెందుకు కాలేదు, ఫోనులో ఎవరితో మాట్లాడతావు.

"నీ ఇష్టం ఉంటెనే చెప్పమన్నరా?"

"అనలేదన్నయ్యా."

"నడుమల లేచిపోవచ్చన్నరా?"

"లేవబోతే కూర్చోమన్నారు."

"పోనీ, ఎవలకూ చెప్పం అన్నరా?"

"పక్కింటావిడని కూడా పిలిచి కూర్చోబెట్టుకున్నారు. చివరికి ఆడపిల్ల ఒక్కతే అంటే గది ఇవ్వం అన్నారు."

బోనాలు దగ్గరికొచ్చాయి. గల్లీకి వేపమండలు, మైకులు వచ్చేశాయి. ఆ అమ్మాయి మిక్సీ సామాన్లు వచ్చిన అట్టపెట్టెలు నన్ను అడిగి తీసుకుని పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. గుంటూరు వెళ్ళిపోతానంది. ఒక్కో పెట్టె తానే మోసుకుంటూ దించి మెట్ల కింద పేర్చింది. మా అమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది. గెలిచిన మనిషి ముఖం కాదది. గెలిచినా తనకు కావలసింది చేతికి రాలేదు కదా.

ఆఖరి పెట్టె దించాక అమ్మాయి మా ఆవిడ దగ్గరికి వచ్చింది.

"వదినా, నావల్ల మీ ఇంట్లో ఇబ్బందైంది. మీరు సరేనంటే మీ ఇంటర్వ్యూ తీసేస్తాను. మీ ముందే, ఇప్పుడే చెరిపేస్తాను. ఆ హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది."

మా అమ్మ పీట మీంచి ఎగిరి లేచింది. "చెరిపేస్తవా? చెరిపేస్తే నేనెట్ల ఇనాలె!"

ఎక్కడో మైకు సరిచేస్తున్నారు. మా ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంది.

"చెరపకు. నేను అన్నదే అన్న. ఉండనియ్యి," అని అమ్మాయితో అని, మా అమ్మ వైపు తిరిగింది. "అత్తమ్మా, ఆ పిల్లనెందుకు ఎల్లగొడుతున్నరు? మాట నాది. నేను చెప్త. కూసోండ్రి. ఒక్క ముక్క ఇడవకుండ చెప్త."

మా అమ్మ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎదురింటి గుమ్మంలో గార్డు సాబ్ కూడా కూర్చున్నట్టు కుర్చీ చప్పుడైంది.

"నాది అయిపోయినంక, మీరేం చెప్పిండ్రో మీరు చెప్పుండ్రి," అంది మా ఆవిడ.

"నేనా?"

"మీరు సుత పైకి పోయిండ్రు గద. నాకంటె ఎక్కువసేపే ఉన్నరు."

మా అమ్మ ముఖంలో ఒక్కసారిగా రంగు మారింది. మా నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో తొణకని మనిషి. ఆ రోజు పట్టుచీర కట్టుకుని మేడ మీద ఏం మాట్లాడిందో, మా నాన్న గురించి చెప్పిందో, తన అత్త గురించి చెప్పిందో, నా గురించి చెప్పిందో, కోడలి గురించే చెప్పిందో నాకు తెలియదు. కానీ చెప్పిందంతా ఇప్పుడు కళ్ళముందు వరసగా కదులుతోందని మాత్రం చూస్తుంటేనే తెలిసిపోయింది. నెమ్మదిగా అమ్మాయి వైపు తిరిగింది.

"నేను చెప్పింది... ఈమెకు చెప్పినవా?"

"లేదు మామ్మగారూ."

"నా కొడుక్కు?"

"లేదండి."

"వాడు అడిగిండా?"

"అది కూడా చెప్పనండి."

అమ్మ నా వైపు చూసింది. ఆ అమ్మాయి నోరు మంచి నోరే. నా ముఖం మాత్రం రహస్యాలు కాపాడతానని ఎవరికీ మాటివ్వలేదు. అమ్మకు తెలియాల్సింది తెలిసిపోయింది.

"గట్టిగ అడిగితే చెప్తవా?" అని మళ్ళీ అమ్మాయిని అడిగింది. "బెదిరిస్తే? ఉండనీకె జాగ లేకుండ పోతదంటే?"

ఆ పిల్ల మెట్ల కింద పేర్చిన అట్టపెట్టెల వైపు చూసింది. మా అమ్మ కూడా చూసింది. తాళ్ళతో కట్టి, పైన నీలం పెన్నుతో "గుంటూరు" అని రాసిన పెట్టెలు. మా అమ్మకు అక్షరాలు నిదానంగా వస్తాయి. నిదానంగానే చదువుకుంది.

"అవి పైకెక్కియ్యిరా," అంది చివరికి.

"ఎవరు?"

"నువ్వే. ఇంట్ల నిర్ణయాలన్ని నీయే అని గల్లీ అంత చెప్పుకున్నవ్ గద. ఇప్పుడు నిర్ణయం తీసుకుని మొయ్యి."

మోశాను. మా ఆవిడ ఏం చెప్పిందో ఆ రోజూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. మా అమ్మ మళ్ళీ అడగలేదు. పప్పు మాత్రం బాగుపడింది.

ఇల్లు పోతున్నా నోరు విప్పని పిల్ల అన్న సంగతి మర్నాటికి గల్లీ అంతా పాకింది. పాకించింది నేనే. దాని ఫలితం మాత్రం నేను ఊహించలేదు. అంతకు ముందు తలుపులు వేసుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే మా మెట్లు వెతుక్కుంటూ వచ్చారు. పక్క గల్లీ వాళ్ళొచ్చారు. బొల్లారం నుంచి ఎవరో ఒకామె బస్సెక్కి వచ్చింది. ఫ్రిజ్ ఎవరు కొన్నారన్న ప్రశ్న ఎవరికీ అక్కర్లేదు. ఎప్పటెప్పటివో తెచ్చి ఆ పిల్ల ముందు కుమ్మరిస్తున్నారు.

"అది నా పరిశోధనలోకి రాదండీ," అంటుందట.

"రాకుంటే రాకపాయె. ఇను."

ఆ పిల్ల మళ్ళీ నా షాపుకొచ్చి స్టూలు మీద కూలబడింది. "అన్నయ్యా, ఇలా అయితే కుదరదు. ఎవరిని అడగాలో నేను ఎంచుకోవాలి. వీళ్ళే నన్ను ఎంచుకుంటున్నారు. ఇదంతా లెక్కలోకి తీసుకోవడానికి లేదు."

"రాకుంటే ఏడ్చినవ్. వస్తే సుత ఏడుస్తవా?"

"రెండూ సమస్యలే."

"మరి ఎల్లగొట్టు."

"ఎలా వెళ్ళగొడతాను? ఫోను పక్కన పెట్టి, ఊరికే వింటున్నాను."

మా అమ్మ మెట్ల కింద పీట తీసేసి కుర్చీ వేయించుకుంది. నా ద్వారపాలకుడి ఉద్యోగం ఊడింది. ఎవరు పైకెళ్ళాలో, ఎవరు ఆగాలో ఆమే చూస్తుంది. కింద కూర్చుని పైమాటలు వినబోయేవాళ్ళను "గాలికి గిట్ల కూసుంటే ఇంటికాడ కూసో" అని తరిమేస్తుంది. మగవాళ్ళను ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వదు.

ఒకరోజు మధ్యాహ్నం గార్డు సాబ్ భార్య వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా, తల మీద కొంగు సర్దుకుని మెల్లగా మెట్లెక్కింది. వెనకాలే గార్డు సాబ్ వచ్చి నా షాపులో నిలబడ్డాడు. చేతిలో కుక్కర్. ఊడదీసి చూశాను. దానికి ఏ రోగమూ లేదు.

"ఇంత సేపా?" అన్నాడు కాసేపటికి.

"ఇప్పుడే గద పోయింది, సాబ్."

"మా ఇంట్ల చెప్పనీకె ఏముంటది అన్నది గద. ఏం చెప్తున్నదంటవ్?"

నేనేమనాలి? ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను కానీ ఆయన ముఖం చూసి వాల్వును ఊరికే తుడుస్తూ కూర్చున్నాను. పైనుంచి నవ్వు రావడం లేదు. మాట కూడా గట్టిగా వినపడ్డం లేదు. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లింది, మోటారు ఆపాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇంకా దిగలేదు.

గార్డు సాబ్ మా అమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, జెర పిలుస్తరా? అన్నం టైం అయింది."

"నడుమల లేపొద్దు," అంది మా అమ్మ. "ఆమె చెప్పుడు అయిపోయినంక ఆమెనే దిగుతది. ఆకలైతే పోయి బియ్యం కడుగు."

ఆయన మెట్ల పైకి ఒకసారి చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి రోగం లేని కుక్కర్ చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"అరే," అన్నాడు గొంతు తగ్గించి, "నీళ్ళు ఎన్ని పొయ్యాలె?"

కుక్కర్ గురించి నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నాకూ తెలియదు. ఇద్దరం మా అమ్మ వైపు చూశాం.